గుంటూరు గ్రహణం నుంచి హీలియం దాకా: శాస్త్రజ్ఞుల సహకారం

శాస్త్రజ్ఞానంలో ఒక ఆలోచన ఒక్కరి తలలో పుట్టవచ్చు. అది జ్ఞానంగా నిలబడాలంటే మాత్రం పలువురి చేతులు పడాలి. ఒకరు చూసినదాన్ని ఇంకొకరు సరిచూడాలి. ఒకరికి అందని చిక్కును ఇంకొకరు విప్పాలి. ఒకరు వదిలేసిన కొసను, ఏళ్ల తరువాతైనా సరే, మరొకరు అందుకోవాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా సాగుతుందో, అది ఆగిన చోట ఏం జరుగుతుందో హీలియం కథ చక్కగా చూపిస్తుంది. ఆ కథలో ఒక ముఖ్యమైన ఘట్టం 1868లో గుంటూరులో జరిగింది. తక్కిన ఘట్టాలు హైడల్‌బర్గ్, లండన్, పారిస్, ఉప్సాలా, మాంచెస్టర్, లైడెన్ నగరాల్లో నడిచాయి. అన్నిటినీ కలిపిన దారం ఒక్కటే. అది కాంతిలో కనిపించే ఒక సన్నని పసుపు గీత.

హీలియం రంగు, రుచి, వాసన లేని వాయువు. ఏ పదార్థంతోనూ తేలిగ్గా కలవదు. మనం పీల్చే గాలిలో అది పది లక్షల పాళ్లలో అయిదు పాళ్లు మాత్రమే ఉంటుంది. ఇలాంటి వాయువు భూమి మీద ఎవరి కంటా పడకపోవడంలో వింత లేదు. వింతల్లా అది ముందు సూర్యుడిలో దొరకడమే. సుమారు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో మండే సూర్యుడిలో ఏమేం ఉన్నాయో భూమి మీద కూర్చుని చెప్పవచ్చన్న ఆలోచన పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు ఎవరికీ నమ్మకంగా తోచలేదు. అది సాధ్యమైంది ఇద్దరు మిత్రుల వల్ల.

1859లో జర్మనీలోని హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బున్సెన్ రసాయన శాస్త్రం, గుస్తావ్ కిర్కాఫ్ భౌతిక శాస్త్రం బోధిస్తున్నారు. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మెరుస్తుంది. ఉప్పులో ఉన్న సోడియం ఇచ్చే రంగు అది. ఒక్కో లవణం మంటకు ఒక్కో రంగు ఇస్తుంది. బున్సెన్ ఆ రంగులను రంగుగాజుల గుండా చూసి లవణాలను గుర్తుపట్టే ప్రయత్నంలో ఉన్నారు. రంగుగాజులు వద్దు, ఆ వెలుగును గాజు పట్టకం గుండా పంపి చూద్దామని కిర్కాఫ్ సలహా ఇచ్చారు. పట్టకం గుండా పోయిన కాంతి ఇంద్రధనుస్సులా విచ్చుకుంటుంది. దాన్నే వర్ణపటం అంటారు. మండే మూలకం ఆ పటంలో తనకే చెందిన చోట మెరిసే గీతలను గీస్తుంది. ఏ రెండు మూలకాల గీతలూ ఒకటిగా ఉండవు. మనిషికి వేలిముద్ర ఎలాగో, మూలకానికి ఈ గీతలు అలాగ.

ఇద్దరూ కలిసి చేసిన ఈ పనివల్ల 1860లో సీసియం, 1861లో రుబీడియం అనే కొత్త మూలకాలు దొరికాయి. అంతకన్నా పెద్ద ఫలితం మరొకటి ఉంది. సూర్యకాంతి వర్ణపటంలో నల్లని గీతలున్నట్టు ఫ్రాన్‌హోఫర్ 1814లోనే నమోదు చేశారు గాని, అవి ఎందుకు ఏర్పడుతున్నాయో చాలా కాలం తెలియలేదు. భూమి మీది మూలకాలే సూర్యుడి వాతావరణంలోనూ ఉండి, తమ తమ రంగులను మింగివేయడం వల్ల ఆ నల్లగీతలు ఏర్పడుతున్నాయని కిర్కాఫ్ చూపారు. రసాయన శాస్త్రజ్ఞుడి మంట, భౌతిక శాస్త్రజ్ఞుడి పట్టకం ఒక బల్ల మీదికి వచ్చేసరికి ఖగోళ శాస్త్రానికి కొత్త కన్ను దొరికింది. శాస్త్రజ్ఞుల సహకారంలో ఇది మొదటి రకం. వేర్వేరు శాస్త్రాల నేర్పులు కలిసినప్పుడు, ఏ ఒక్క శాస్త్రమూ అడగలేని ప్రశ్న పుడుతుంది.

ఆ కొత్త కన్నుతో సూర్యుణ్ణి చూసే అవకాశం 1868 ఆగస్టు 18న వచ్చింది. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఏడెన్ వైపు నుంచి మొదలై, దక్షిణ భారతాన్ని దాటి, సయాం మీదుగా సాగింది. సంపూర్ణ గ్రహణ సమయంలో చంద్రుడి నల్లని బింబం చుట్టూ ఎర్రని మంటనాలుకల్లాంటివి కనిపిస్తాయి. వాటిని సూర్యజ్వాలలు అంటారు. అవి ఘనపదార్థమా, మేఘాలా, మండే వాయువులా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. వర్ణపటదర్శినితో చూస్తే జవాబు దొరుకుతుంది. గ్రహణం మాత్రం కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ నిమిషాల్లో ఒక మబ్బు అడ్డం వస్తే ఏళ్ల తరబడి చేసిన ఏర్పాట్లు వృథా అవుతాయి.

దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయం ఒక్కచోట కాకుండా గ్రహణం దారి పొడవునా నిలబడటం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్ గుంటూరును ఎంచుకుని, అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరాలు అమర్చుకున్నారు. బ్రిటిష్ బృందంతో మేజర్ టెనెంట్ కూడా గుంటూరులోనే మకాం వేశారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లారు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి ఒక బృందాన్ని వెంటబెట్టుకుని నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లారు. సుప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుల వంశానికి చెందిన లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్ కన్నడ ప్రాంతంలోని జమఖండిలో ఉన్నారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాయే మలయా ద్వీపకల్పంలో ఉన్నారు. సయాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా గ్రహణాన్ని గణించి, పరిశీలనకు బయలుదేరి, ఆ ప్రయాణంలో సోకిన జ్వరంతో కొన్ని వారాలకే కన్నుమూశారు. ఒకచోట మబ్బు పట్టినా మరోచోట ఆకాశం తేటగా ఉంటుంది. ఒకరి కన్ను పొరబడినా ఇంకొకరి కన్ను సరిదిద్దుతుంది. పలుచోట్ల పలువురు ఒకే సంఘటనను చూడటం సహకారంలో రెండో రకం.

గుంటూరులో ఆ ఉదయం సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగయ్యాడు. జాన్సెన్ తన వర్ణపటదర్శినిని ఒక పెద్ద జ్వాల వైపు తిప్పారు. నల్లని నేపథ్యం మీద కాంతివంతమైన గీతలు మెరిశాయి. జ్వాలలు మండే వాయువులేనని, వాటిలో ప్రధానమైనది హైడ్రోజన్ అని ఆ గీతలు చెప్పాయి. జమఖండిలోనూ మలయాలోనూ ఉన్నవారు కూడా దాదాపు ఇదే చూశారు. జాన్సెన్ మాత్రం ఒక అడుగు ముందుకు వేశారు. గీతలు ఇంత కాంతివంతంగా ఉన్నప్పుడు గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునన్న ఆలోచన ఆయనకు అక్కడికక్కడే వచ్చింది. మర్నాడు, ఆగస్టు 19 ఉదయం, ఏ గ్రహణమూ లేని మామూలు సూర్యుడి అంచున ఆయన అవే గీతలను మళ్లీ చూశారు. ఆకాశపు మామూలు వెలుగును పట్టకం పలచగా పరిచేస్తుంది. జ్వాల వెలుగు మాత్రం కొన్ని గీతల్లోనే కూడి ఉంటుంది గనుక పలచబడదు. ఈ చిన్న సూత్రంతో కొద్ది నిమిషాల అవకాశం ప్రతి ఎండరోజుకూ విస్తరించింది. జాన్సెన్ సెప్టెంబరులో కాకినాడ నుంచి పారిస్‌లోని ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి ఈ సంగతి ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం ఓడలో ప్రయాణిస్తున్న రోజుల్లోనే లండన్‌లో నార్మన్ లాకయర్ అనే శాస్త్రజ్ఞుడు అదే ఆలోచన మీద పనిచేస్తున్నారు. గ్రహణం లేకుండా జ్వాలలను చూడవచ్చునని ఆయనకు 1866లోనే తోచింది. కావలసిన పరికరం తయారై చేతికి వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. 1868 అక్టోబరు 20న ఆయన జ్వాలల గీతలను చూశారు. ఆయన కబురు, జాన్సెన్ కబురు పారిస్ అకాడమీకి ఒకే రోజున చేరాయి. అక్టోబరు 26 నాటి సమావేశంలో రెండూ వినిపించారు. ఎవరు ముందు అన్న తగాదాకు ఇంతకన్నా అనువైన సందర్భం ఉండదు. అకాడమీ ఆ దారి తొక్కలేదు. ఘనత ఇద్దరిదీ అని గుర్తించింది. ఫ్రెంచి ప్రభుత్వం తరువాత ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకాన్ని ముద్రించింది. జాన్సెన్, లాకయర్ పోటీదారులు కావలసింది పోయి మిత్రులయ్యారు.

ఇక పసుపు గీత సంగతి. జ్వాలల వర్ణపటంలో హైడ్రోజన్ గీతలతోపాటు పసుపు రంగులో మరొకటి మెరుస్తోంది. సోడియానికి పసుపు రంగులో రెండు గీతలున్నాయి. వాటిని డి1, డి2 అంటారు. మొదట చాలామంది ఈ గీత కూడా సోడియానిదే అనుకున్నారు. తీరిగ్గా, పదేపదే కొలిచిన లాకయర్‌కు అది సోడియం గీతల చోట లేదని, కొంచెం పక్కగా ఉందని తేలింది. అందుకే దానికి డి3 అని పేరు వచ్చింది. నేటి కొలతల్లో సోడియం గీతల తరంగదైర్ఘ్యాలు 589.6, 589.0 నానోమీటర్లు కాగా, డి3 తరంగదైర్ఘ్యం 587.6 నానోమీటర్లు. తేడా ఎంత సన్ననిదో దీన్నిబట్టి తెలుస్తుంది. గుంటూరులో జాన్సెన్ హీలియం కనుగొన్నారని తరచు రాస్తుంటారు. నిజానికి ఆయన పంపిన ఉత్తరంలో కొత్త మూలకం ప్రస్తావన లేదు. ఆయన ఇచ్చింది సూర్యుణ్ణి ప్రతిరోజూ చూడగలిగే పద్ధతి. ఆ పద్ధతి లేకపోతే గీతను ఇంత సన్నగా కొలవడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

మచిలీపట్నంలో ఉన్న పాగ్సన్ విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ఆ పసుపు గీత సోడియం గీతల చోటనే ఉందా, దగ్గరలో ఉందా అన్న అనుమానం గ్రహణం రోజునే ఆయనకు కలిగింది. ఆ సంగతి తన నివేదికలో రాశారు కూడా. అయితే ఆ నివేదిక మద్రాసులో అచ్చయి, యూరప్‌లో శాస్త్రజ్ఞులు చదివే పత్రికల్లోకి పెద్దగా వెళ్లలేదు. పాగ్సన్ చూసింది తక్కువేమీ కాదు. అది పదిమంది చేతుల్లోకి వెళ్లకపోవడం వల్ల హీలియం చరిత్రలో ఆయన పేరు చాలాకాలం వినిపించలేదు. చూడటం ఎంత ముఖ్యమో, చూసినదాన్ని చేరవలసిన వారికి చేర్చడం అంతే ముఖ్యం. ఈ పాఠాన్ని బాగా ఎరిగినవారు లాకయర్. 1869 నవంబరు 4న మొదటి సంచిక వెలువడిన నేచర్ పత్రికకు ఆయనే తొలి సంపాదకులు. యాభై ఏళ్లు ఆ బాధ్యత మోశారు. ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా తన ఫలితాన్నో, సందేహాన్నో కొద్ది వారాల్లో అందరి ముందు పెట్టడానికి ఆ పత్రిక వేదిక అయింది.

డి3 గీతను భూమి మీద పుట్టించాలని లాకయర్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్‌తో కలిసి ప్రయోగాలు చేశారు. హైడ్రోజన్‌ను రకరకాల పీడనాల్లో, ఉష్ణోగ్రతల్లో వెలిగించి చూశారు. ఆ గీత రాలేదు. అంటే అది భూమి మీద ఇంకా తెలియని మూలకానిది కావచ్చు. గ్రీకు భాషలో సూర్యుడికి హీలియోస్ అని పేరు. ఆ మాట నుంచి హీలియం అన్న పేరు పుట్టింది. 1871లో బ్రిటిష్ శాస్త్ర సంఘం సభలో విలియం థామ్సన్ అధ్యక్షోపన్యాసంలో ఆ పేరు బహిరంగంగా వినిపించింది. అయినా చాలామంది నమ్మలేదు. భూమి మీద ఎవరూ ముట్టుకోని, సీసాలో పట్టని వస్తువును మూలకమని ఒప్పుకోవడానికి రసాయన శాస్త్రజ్ఞులకు మనసొప్పలేదు. ఆ అనుమానం తప్పు కాదు. తోటివారి అనుమానాన్ని దాటి నిలవడమే శాస్త్రంలో రుజువుకు గీటురాయి. హీలియం ఆ పరీక్ష కోసం పాతికేళ్లకు పైగా ఎదురుచూసింది.

ఆ పరీక్ష అనుకోని దారిలో వచ్చింది. 1892లో ఇంగ్లండుకు చెందిన రాలీ ప్రభువు వాయువుల సాంద్రతలను కొలుస్తూ ఒక చిక్కులో పడ్డారు. గాలి నుంచి తీసిన నత్రజని, అమోనియా వంటి రసాయనాల నుంచి తీసిన నత్రజని కన్నా కొంచెం బరువుగా తూగుతోంది. ఎన్నిసార్లు తూచినా తేడా పోలేదు. తగిన జాగ్రత్తలతో తూచినప్పుడు ఆ తేడా దాదాపు రెండువందల్లో ఒక వంతు ఉంది. ఆయన ఈ సంగతిని దాచుకోలేదు. నాకు అర్థం కావడం లేదు, ఎవరికైనా కారణం తోస్తే చెప్పండి అన్న ధోరణిలో నేచర్ పత్రికకు ఉత్తరం రాశారు. అప్పటికే పేరుమోసిన శాస్త్రజ్ఞుడు తనకు తెలియనిదాన్ని బహిరంగంగా ఒప్పుకుని సాయం అడగడం ఎంతో గౌరవించదగిన పని. ఆ సాయం లండన్‌లోని రసాయన శాస్త్రజ్ఞుడు విలియం రామ్సే నుంచి వచ్చింది. కెవెండిష్ 1785లో గాలితో చేసిన ప్రయోగంలో చివరికి ఒక చిన్న బుడగ మిగిలిపోయిందని రాసిన పాత పత్రం కూడా ఇద్దరికీ దారి చూపింది. నూరేళ్ల కిందటి మనిషితో కూడా శాస్త్రజ్ఞులు ఇలా కలిసి పనిచేస్తారు. 1894లో రాలీ, రామ్సే కలిసి ఆర్గాన్ అనే కొత్త వాయువును ప్రకటించారు. పదేళ్ల తరువాత, 1904లో, రాలీకి భౌతిక శాస్త్రంలో, రామ్సేకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

ఆర్గాన్ ఏ ఖనిజంలోనైనా దొరుకుతుందా అని రామ్సే వెతుకుతున్నప్పుడు, 1895 ఫిబ్రవరిలో బ్రిటిష్ మ్యూజియంలోని ఖనిజ శాస్త్రజ్ఞుడు హెన్రీ మయర్స్ ఆయనకు ఒక ఉత్తరం రాశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసే హిల్లెబ్రాండ్, యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేడిచేస్తే ఒక జడవాయువు వస్తోందని, అది నత్రజని అని కొన్నేళ్ల క్రితం ప్రచురించారని, ఒకసారి దాన్ని చూడమని ఆ ఉత్తరం సారాంశం. మయర్స్‌కు ఇందులో లాభమేమీ లేదు. తాను చదివినది మరొకరికి పనికివస్తుందని గుర్తించి ఒక కాగితం మీద రాసి పంపారు, అంతే. రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని కొద్దిగా కొని, గంధకికామ్లంలో కాచి, వచ్చిన వాయువును శుద్ధి చేసి గాజుగొట్టంలో వెలిగించారు. వర్ణపటంలో కళ్లు చెదిరేలా ఒక పసుపు గీత మెరిసింది. అది సోడియం గీతల పక్కన ఉంది గాని, వాటి మీద పడలేదు.

రామ్సే వద్ద ఆ గీత తరంగదైర్ఘ్యాన్ని తగినంత కచ్చితంగా కొలిచే పరికరం లేదు. అందుకని ఆ వాయువు నింపిన గొట్టాన్ని వర్ణపటాల్లో ఆరితేరిన విలియం క్రూక్స్‌కు పంపారు. 1895 మార్చి నెలాఖరులో క్రూక్స్ కొలిచి కబురు పంపారు. అది డి3 గీతే. సూర్యుడిలో లాకయర్ గుర్తించిన హీలియం ఇరవై ఏడేళ్ల తరువాత లండన్‌లో ఒక చిన్న గాజుగొట్టంలో కనిపించింది. లాకయర్‌కు కూడా ఆ గొట్టం చేరింది. అంతకాలం అందరి అనుమానాలూ భరించిన ఆయన ఆ వెలుగును తన కళ్లతో చూశారు. అవే రోజుల్లో స్వీడన్‌లోని ఉప్సాలాలో క్లీవ్, లాంగ్లెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడిగా అదే వాయువును పట్టుకుని, దాని పరమాణు భారాన్ని కొలిచారు. హిల్లెబ్రాండ్ తన చేతికి అందినదాన్ని గుర్తించలేకపోయానని ఒప్పుకుని రామ్సేను మనసారా అభినందించారు.

సరిచూడటం అక్కడితో ముగియలేదు. జర్మనీలో రుంగే, పాషెన్ ఆ వాయువు వర్ణపటాన్ని మరింత సన్నగా విడదీసి చూసి, డి3 ఒక గీత కాదని, పక్కపక్కనే ఉన్న రెండు గీతలని తేల్చారు. ఇది పెద్ద చిక్కు తెచ్చింది. సూర్యుడిలో కనిపించేది ఒంటిగీత అని అంతవరకు అనుకున్నారు. అలాగైతే భూమి మీది వాయువు, సూర్యుడిలోని వాయువు ఒకటి కావు. జర్మనీ ప్రయోగశాలలో పుట్టిన ఈ ప్రశ్నకు జవాబు ఇంగ్లండులో హగిన్స్, అమెరికాలో హేల్ దూరదర్శినులతో వెతికారు. మంచి పరికరాలతో శ్రద్ధగా చూస్తే సూర్యుడి డి3 కూడా జంటగీతే అని తేలింది. హీలియం ఉనికి అప్పుడు గట్టిపడింది. ఒక దేశం వేసిన అనుమానాన్ని ఇంకో దేశం తీర్చడం, ఆ తీర్పును అందరూ ఒప్పుకోవడం సహకారంలో అత్యంత విలువైన భాగం.

హీలియం చేతికి దొరికాక కొత్త తలుపులు తెరుచుకున్నాయి. అది యురేనియం ఖనిజాల్లోనే ఎందుకు ఉంటోంది? 1903లో రామ్సే, ఫ్రెడరిక్ సాడీ కలిసి రేడియం నుంచి హీలియం పుడుతోందని చూపారు. 1908లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్, థామస్ రాయిడ్స్ ఆ సంగతి తేల్చివేశారు. వారి ప్రయోగానికి ప్రాణం బౌంబాక్ అనే గాజు పనివాడు ఊదిన గొట్టం. దాని గోడ మందం మిల్లీమీటరులో నూరో వంతు. గాలి పోదు గాని, రేడియోధార్మిక పదార్థం విడిచే ఆల్ఫా కణాలు ఆ గోడను దాటిపోతాయి. వెలుపల ఉన్న ఖాళీ గొట్టంలో కణాలు చేరుతూ వచ్చాయి. రెండు రోజులకు అక్కడ పసుపు గీత కనిపించింది. ఆరు రోజులకు హీలియం గీతలన్నీ మెరిశాయి. ఆల్ఫా కణమంటే విద్యుదావేశమున్న హీలియమేనని రుజువైంది. అంత పలచని గోడను ఊదగల చెయ్యి లేకపోతే ఆ సిద్ధాంతం కాగితం మీదే ఉండిపోయేది.

రూథర్‌ఫర్డ్‌కు ఆ రోజుల్లో రేడియం అప్పుగా ఇచ్చింది ఆస్ట్రియాలోని వియన్నా విజ్ఞాన అకాడమీ. కొద్ది ఏళ్లకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. బ్రిటన్, ఆస్ట్రియా శత్రుదేశాలయ్యాయి. యుద్ధం ముగిశాక ఆ రేడియం శత్రువు ఆస్తి గనుక తిరిగి ఇవ్వనక్కరలేదన్న వాదన బ్రిటన్‌లో వచ్చింది. రూథర్‌ఫర్డ్ అందుకు ఒప్పుకోలేదు. పట్టుబట్టి దాని వెల చెల్లించే ఏర్పాటు చేయించారు. యుద్ధంతో చితికిపోయిన వియన్నా రేడియం సంస్థకు ఆ డబ్బు ఊపిరి పోసింది. రాజ్యాల మధ్య తెగిన బంధాన్ని శాస్త్రజ్ఞుల మాట నిలబెట్టింది.

సహకారం కుదరని చోట ఏం జరుగుతుందో కూడా హీలియమే చూపింది. అన్ని వాయువులూ చల్లబరిస్తే ద్రవాలవుతాయి. హీలియం మాత్రం లొంగలేదు. 1898లో హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చిన జేమ్స్ డ్యూయర్ లండన్‌లోనే ఉన్నారు. శుద్ధమైన హీలియం తయారుచేయడంలో అందరికన్నా నేర్పరి అయిన రామ్సే కూడా లండన్‌లోనే ఉన్నారు. ఇద్దరికీ పొసగలేదు. డ్యూయర్‌కు చాలినంత శుద్ధమైన హీలియం చిక్కలేదు. ఒకే నగరంలో ఒకరి దగ్గర చలి, ఇంకొకరి దగ్గర వాయువు ఉండి కూడా పని జరగలేదు.

ఆ పని హాలండ్‌లోని లైడెన్‌లో జరిగింది. అక్కడ కామెర్లింగ్ ఓనెస్ ప్రయోగశాలను ఒక కర్మాగారంలా తీర్చిదిద్దారు. గాజు ఊదేవారికి, పరికరాలు చేసేవారికి ప్రత్యేకంగా పాఠశాల పెట్టించారు. హీలియం తీయడానికి కావలసిన మోనజైట్ ఇసుకను అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి తెప్పించడంలో వాణిజ్య సమాచార కార్యాలయంలో ఉన్న ఆయన సోదరుడు సాయపడ్డారు. 1908 జూలై 10 ఉదయం 5 గంటల 45 నిమిషాలకు పని మొదలైంది. ముందు ద్రవ గాలి, దాని చలితో ద్రవ హైడ్రోజన్, దాని చలితో హీలియం, ఇలా మెట్టు మీద మెట్టు. సాయంత్రమైంది. చివరి హైడ్రోజన్ సీసా కూడా తగిలించారు. ఉష్ణమాపకం ఒకచోట నిలిచిపోయింది. పాత్రలో ఏమీ కనిపించడం లేదు. పని చెడిందన్న నిరాశ అలముకుంటున్న వేళ, ప్రయోగం చూడటానికి వచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడు ష్రైనెమాకర్స్ ఒక మాట అన్నారు. ఉష్ణమాపకం కదలకపోవడానికి కారణం అది ద్రవంలో మునిగి ఉండటమేమో చూడమన్నారు. పాత్రకు కిందినుంచి వెలుగు పట్టారు. ద్రవం అంచు కత్తివాదరలా స్పష్టంగా కనిపించింది. సున్నాకు 269 డిగ్రీల సెల్సియస్ దిగువన, దాదాపు 60 మిల్లీలీటర్ల ద్రవ హీలియం అక్కడ ఉంది. తెల్లవారినప్పటి నుంచి పనిలో మునిగిన వారి కళ్లకు ఆననిది, అప్పుడే వచ్చిన వాని కంటికి ఆనింది.

ఆ చలిలోనే 1911లో పాదరసం విద్యుత్తును ఏ అడ్డూ లేకుండా ప్రవహింపజేస్తుందని తెలిసింది. ఆ గుణాన్ని అతివాహకత్వం అంటారు. ఆ కొలతలు తీసినవారు గిలెస్ హోల్స్ట్. చలిని నిలబెట్టినవారు ఫ్లిం అనే సాంకేతిక నిపుణుడు. 1913లో నోబెల్ బహుమతి ఓనెస్ ఒక్కరికే వచ్చింది. సహకారంలో తీరని సమస్య ఇది. పని పలువురిది, పేరు ఒకరిది. కొలిచినవాని పేరు, పరికరం చేసినవాని పేరు, దారి చూపిన ఉత్తరం రాసినవాని పేరు మరుగున పడితే, మరోసారి అలా సాయపడటానికి మనుషులు ముందుకు రారు. ఘనతను న్యాయంగా పంచడం మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. జ్ఞానం పెరగడానికి అది అవసరం.

నేటి శాస్త్రంలో పనిని పలువురు పంచుకోవడం మరింత పెద్దదైంది. రెండో ప్రపంచయుద్ధం మిగిల్చిన గాయాల నడుమ, 1954లో పన్నెండు యూరప్ దేశాలు కలిసి జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనా కేంద్రాన్ని స్థాపించాయి. అక్కడి 27 కిలోమీటర్ల కణ త్వరణ యంత్రంలో అయస్కాంతాలను చల్లబరచడానికి సుమారు 120 టన్నుల హీలియం వాడుతున్నారు. 2012లో హిగ్స్ కణం అక్కడే దొరికింది. ఒకే ఫలితాన్ని, ఒకరి మాట ఒకరు నమ్మి ఊరుకోకుండా, రెండు పెద్ద బృందాలు విడివిడిగా వెతికి, తరువాత లెక్కలు కలుపుకున్నాయి. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద ఆ రెండు బృందాలూ కలిసి 2015లో ప్రచురించిన పత్రం మీద 5,154 మంది పేర్లున్నాయి. 1868లో గ్రహణం దారి పొడవునా నిలబడినవారు చేసిన పనే ఇది. చూసేవారి సంఖ్య పెరిగింది, పద్ధతి మారలేదు.

హీలియం కథను మొదటినుంచి చూస్తే శాస్త్రజ్ఞుల సహకారానికి కొన్ని లక్షణాలు కనిపిస్తాయి. వేర్వేరు విద్యలవారు ఒక బల్ల దగ్గర చేరాలి. ఒకే విషయాన్ని పలుచోట్ల పలువురు చూడాలి. చూసినదాన్ని ఆలస్యం లేకుండా అందరికీ చెప్పాలి. తెలియనిదాన్ని దాచకుండా అడగాలి. తన ఫలితాన్ని తోటివారి పరీక్షకు అప్పగించాలి. సాయపడిన ప్రతి చేతికీ పేరు దక్కాలి. పోటీ ఉండకూడదని కాదు. పోటీ వేగం పెంచుతుంది. ఫలితాన్ని అందరి ముందు పెట్టే మర్యాద ఆ పోటీకి తోడుండాలి. అది లోపించినప్పుడు డ్యూయర్ ప్రయోగశాలలాగ, ఎంత నేర్పున్నా పని నిలిచిపోతుంది.

ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. పరీక్షకు వెళ్లిన రోగి పడుకునే గొట్టం చుట్టూ అతివాహక అయస్కాంతం ఉంటుంది. దాన్ని అంత చల్లగా ఉంచేది ద్రవ హీలియం. 1868లో జాన్సెన్ సూర్యుడి వైపు పరికరం తిప్పిన గుంటూరులో నేడు ఆసుపత్రులు ఆ యంత్రాలతోనే మనుషుల మెదడును, వెన్నును చూస్తున్నాయి. అందులోని హీలియం ఏ ఒక్కరూ ఇచ్చినది కాదు.